బాయిలర్ సెన్సర్ ఎర్రర్ చూపిస్తోందా? కొత్తది కొనేముందు వరసగా చూడాల్సినవి

డిస్‌ప్లే మీద సెన్సర్ ఎర్రర్ కోడ్ కనబడగానే చాలామంది నేరుగా కొత్త సెన్సర్ కొనేస్తారు. బిగించాక రెండు రోజులు బాగానే నడుస్తుంది, మూడో రోజు మళ్లీ అదే కోడ్. ఎందుకంటే ఆ కోడ్ సెన్సర్ పాడైందని చెప్పదు. ఈ రెండు వైర్ల మీదుగా వస్తున్న లెక్క నమ్మేలా లేదని బాయిలర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ఫిర్యాదు చేస్తోంది, అంతే. లెక్క తప్పడానికి కారణం సెన్సర్ కావచ్చు, కనెక్టర్‌లో పట్టిన తుప్పు కావచ్చు, నలిగిన వైరు కావచ్చు, బోర్డే కావచ్చు. ఒక్కోసారి సెన్సర్ నిజమే చెబుతుంది. లోపల నీళ్లు తిరగకపోవడమే అసలు జబ్బు.

ఇది నీటిని వేడిచేసి రేడియేటర్లలోకో నేల కింది గొట్టాల్లోకో తిప్పే ఇంటి గ్యాస్ బాయిలర్లకు పనికొచ్చే మార్గదర్శి. కోడ్‌ల అంకెలు ఒక్కో తయారీ సంస్థకు ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీ మోడల్ మాన్యువల్ పక్కన పెట్టుకోండి. వెతికే క్రమం మాత్రం అన్నిటికీ దాదాపు ఒకటే.

## 1. ముందుగా భద్రత

గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయొద్దు, తీయొద్దు. గ్యాస్ మీటరు దగ్గర సరఫరా కట్టేసి, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వెళ్లి అక్కడి నుంచి గ్యాస్ అత్యవసర విభాగానికి ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా, ఇంట్లో ఒకరికంటే ఎక్కువమందికి తలనొప్పి, వికారం మొదలైనా ఇదే పద్ధతి. సెన్సర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చాలా కొత్త బాయిలర్లలో ముందు మూత అలంకారానికి పెట్టింది కాదు. మంట మండే గదిని గాలి చొరబడకుండా మూసి ఉంచేది అదే. అలాంటి మూతను తీసే అధికారం చాలా దేశాల్లో లైసెన్సు ఉన్న గ్యాస్ టెక్నీషియన్‌కే ఉంటుంది. 3వ భాగం ఎవరైనా చేసుకోవచ్చు. 5 నుంచి 9 వరకు మీ మాన్యువల్, మీ దేశపు నిబంధనలు ఎంతవరకు ఒప్పుకుంటాయో అంతవరకే. మిగతాది చదివి ఉంచుకుంటే టెక్నీషియన్ ఏం కొలుస్తున్నాడో, ఎందుకు కొలుస్తున్నాడో తెలుస్తుంది.

ఒక్క పని మాత్రం ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు. సెన్సర్ వైర్లనో, ఓవర్‌హీట్ థర్మోస్టాట్ (నీళ్లు మితిమీరి వేడెక్కితే బాయిలర్‌ను ఆపేది) వైర్లనో తిన్నగా కలిపేసి బాయిలర్ నడపడం. అలా కలిపితే నీళ్లు మరిగిపోతున్నా ఆపమని చెప్పే దిక్కు ఉండదు.

## 2. ఏ సెన్సర్ ఏం చూస్తుంది

బాయిలర్‌లో ఉష్ణోగ్రత కొలిచేవి దాదాపు అన్నీ ఎన్‌టీసీ థర్మిస్టర్లే. వేడి పెరిగేకొద్దీ వాటి రెసిస్టెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) తగ్గుతుంది. బాయిలర్ నుంచి బయటికి వెళ్లే నీటి మీద ఒకటి, తిరిగొచ్చే నీటి మీద ఒకటి, కుళాయి వేడినీటి దారిలో ఒకటి ఉంటాయి. కొన్ని మోడళ్లలో పొగగొట్టం మీద, ఇంటి బయట గోడ మీద కూడా ఉంటాయి.

ఉష్ణోగ్రతతో సంబంధం లేనివి వేరే: నీటి ఒత్తిడి సెన్సర్, నీటి ప్రవాహ సెన్సర్, మంట ఉందో లేదో చూసే ఎలక్ట్రోడ్. వీటిని మల్టీమీటరుతో ఎన్‌టీసీని పరీక్షించినట్టు పరీక్షిస్తే ఏమీ తేలదు. వాటి సంగతి 8వ భాగంలో.

ఎన్‌టీసీ వైరు తెగితే రెసిస్టెన్స్ అనంతమవుతుంది. బోర్డుకు అది విపరీతమైన చలిలా కనిపిస్తుంది. రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే రెసిస్టెన్స్ సున్నా అవుతుంది, అది విపరీతమైన వేడిలా కనిపిస్తుంది. ఈ రెండిటినీ బోర్డు వెంటనే పట్టేసి కోడ్ ఇస్తుంది. ఇబ్బందంతా ఈ రెండిటి మధ్య, ఐదు నుంచి పదిహేను డిగ్రీలు తప్పు చెప్పే సెన్సర్లతోనే. వాటికి ఒక్కోసారి కోడే రాదు. ఇల్లు సరిగా వేడెక్కదు, లేదా బాయిలర్ రెండు నిమిషాలకోసారి వెలిగి ఆరిపోతూ ఉంటుంది.

## 3. మూత తీయకుండా తేలేవి

చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. తొందరపడకుండా చేయండి.

కోడ్ రాసుకోండి. రీసెట్ నొక్కేముందే కోడ్, అప్పుడు బాయిలర్ ఏం చేస్తోంది (ఇల్లు వేడిచేస్తోందా, కుళాయికి నీళ్లిస్తోందా, ఊరకే ఉందా) రాసిపెట్టుకోండి. కుళాయి తిప్పినప్పుడే కోడ్ వస్తోందంటే ఇంటిని వేడిచేసే వైపు సెన్సర్ల మీద అనుమానం చాలావరకు తగ్గుతుంది.

ఒత్తిడి చూడండి. చల్లగా ఉన్నప్పుడు గేజి మీద సాధారణంగా 1 నుంచి 1.5 బార్ ఉండాలి. అంతకంటే బాగా తక్కువుంటే నీళ్లు సరిగా తిరగవు, ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబాకుతుంది, నింద సెన్సర్ మీద పడుతుంది. మాన్యువల్‌లో చెప్పినట్టు నీళ్లు నింపి, రేడియేటర్ల నుంచి గాలి తీసి, మళ్లీ చూడండి.

చల్లారాక పోల్చండి. ఖర్చు లేని పరీక్షల్లో ఇంతకు మించింది లేదు. బాయిలర్‌ను ఆరు నుంచి ఎనిమిది గంటలు వాడకుండా ఉంచండి. ఈలోగా లోపలి నీళ్లు, గొట్టాలు అన్నీ ఆ గది వేడికే వచ్చేస్తాయి. చాలా బాయిలర్లలో సెన్సర్ రీడింగులు చూపించే మెనూ ఉంటుంది. వెళ్లే నీరు, తిరిగొచ్చే నీరు, కుళాయి నీరు మూడూ ఒకదానికొకటి రెండు డిగ్రీల లోపు తేడాతో, గదిలోని థర్మామీటరుకు దగ్గరగా చూపించాలి. రెండు 19 అంటుంటే మూడోది 31 అంటే తేడా కొడుతున్నది ఆ మూడోదే. గడ్డకట్టే చలి ఉన్న రోజు మాత్రం ఇంతసేపు ఆపొద్దు, గొట్టాలు పగిలే ప్రమాదం ఉంది.

వేడెక్కేటప్పుడు చూడండి. అదే మెనూలో రీడింగులు చూస్తూ బాయిలర్ వెలిగించండి. వెళ్లే నీటి వేడి మెల్లగా పెరగాలి, తిరిగొచ్చే నీటి వేడి కాస్త వెనకగా దాన్ని అనుసరించాలి.

- వెళ్లే నీరు నిమిషం లోపే 80కి ఎగిరి, తిరిగొచ్చేది చల్లగానే ఉంటే: నీళ్లు తిరగడం లేదు. పంపు బిగుసుకుపోయి ఉండొచ్చు, వాల్వు మూసుకుని ఉండొచ్చు, గాలి చేరి ఉండొచ్చు. సెన్సర్ జోలికి వెళ్లొద్దు.
- గొట్టం నిజంగా కాలిపోతున్నా రీడింగు నత్తనడక నడుస్తుంటే: సెన్సర్ గొట్టానికి సరిగా ఆనుకోలేదు, లేదా పాడైంది.
- రీడింగు 48, 49, 12, 50 ఇలా గెంతుతుంటే: కనెక్టర్ లూజు, లేదా వైరు లోపల తెగి తగులుతూ వదులుతూ ఉంది. నీటి వేడి అలా గెంతదు.

గొట్టం వేడిని దూరం నుంచి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తుంటే ఒక జాగ్రత్త. మెరిసే రాగి గొట్టం మీద అది చాలా తక్కువ చూపిస్తుంది. గొట్టానికి నల్ల ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టి, ఒక నిమిషం ఆగి, ఆ టేపు మీద కొలవండి.

## 4. కావాల్సిన సామాను

- డిజిటల్ మల్టీమీటరు (20 కిలో ఓమ్, 200 కిలో ఓమ్ రేంజీలు ఉన్నది, రేంజి మనమే ఎంచుకునేదైతే మేలు)
- కరెంటు లేదని చూసుకోవడానికి టెస్టర్
- మొన ఉన్న వంటింటి డిజిటల్ థర్మామీటరు
- మీ మోడల్ సర్వీస్ మాన్యువల్, అందులోని సెన్సర్ రెసిస్టెన్స్ పట్టిక
- కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, మెత్తని బ్రష్షు
- థర్మల్ పేస్టు
- సన్నని ప్లాస్టిక్ సంచి, మూతి వెడల్పు కప్పు
- సెన్సర్ నీటిలో మునిగే రకమైతే: కొత్త ఓ-రింగు (నీళ్లు కారకుండా వేసే రబ్బరు వలయం) లేదా వాషర్, నీళ్లు పట్టే గిన్నె, గుడ్డలు

## 5. మీటరుతో కొలిచే క్రమం

1. బాయిలర్‌కు వెళ్లే కరెంటు పూర్తిగా తీసేయండి. బాయిలర్ మీద ఉన్న స్విచ్చు ఆపితే సరిపోదు, గోడ దగ్గర ఆపాలి. టెస్టర్‌తో ఒకసారి చూసుకోండి.
2. గొట్టాలు చేత్తో హాయిగా పట్టుకోగలిగేంతగా చల్లారనివ్వండి.
3. ఏదీ ఊడదీయకముందే కనెక్టర్లన్నిటికీ ఫోటో తీయండి. ఒకే రంగు ప్లగ్గులు రెండుంటే వాటి మీద గుర్తు పెట్టండి.
4. సెన్సర్ ప్లగ్గును ప్లాస్టిక్ భాగం పట్టుకుని లాగండి. వైర్లు పట్టుకుని లాగితే లోపలి పిన్ను వదులై, లేని సమస్య కొత్తగా పుడుతుంది.
5. మీటరు కడ్డీలు రెండూ ఒకదానికొకటి తాకించి సున్నాకు దగ్గరగా వస్తోందో లేదో చూడండి.
6. 20 కిలో ఓమ్ రేంజిలో పెట్టి సెన్సర్ రెండు పిన్నుల మీద కొలవండి. కడ్డీల మొనలను వేళ్లతో తాకొద్దు, మీ ఒంటి రెసిస్టెన్స్ కూడా కలిసి లెక్క తగ్గుతుంది.
7. సెన్సర్ ఆనుకున్న గొట్టం దగ్గరే థర్మామీటరు మొన ఆనించి వేడి చూడండి. రెండంకెలూ పక్కపక్కనే రాయండి.

ఇప్పుడు రెండో కొలత. దీన్ని చాలామంది వదిలేస్తారు, తర్వాత అంతా అక్కడే తప్పుతుంది.

8. క్లిప్పు రకం (గొట్టం మీద క్లిప్పుతో పట్టి ఉండే) సెన్సర్ అయితే తీసి, పిన్నులు తడవకుండా మొన భాగాన్ని సన్నని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, 60 డిగ్రీల నీళ్లున్న కప్పులో ముంచండి. నీళ్లు కలుపుతూ రెండు నిమిషాలు ఆగండి. థర్మామీటరు అదే కప్పులో ఉండాలి.
9. కొలత రాసుకుని, నీళ్లు మెల్లగా చల్లారుతుంటే అంకెను గమనించండి. అది ఆగకుండా సాఫీగా పెరగాలి. మధ్యలో ఎక్కడ గెంతినా, మాయమైనా లోపల పగులు ఉన్నట్టే. చల్లగా ఉన్నప్పుడు పనిచేసి వేడెక్కాక మొండికేసే సెన్సర్లు దొరికేది ఇలాగే.

## 6. అంకెలను ఎలా చదవాలి

ఇళ్లలోని బాయిలర్లలో ఎక్కువగా కనిపించేది 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండే రకం. అందులోనూ బాగా వాడుకలో ఉన్న ఒక రకానికి (బీటా విలువ, అంటే వేడితో రెసిస్టెన్స్ ఎంత వేగంగా మారుతుందో చెప్పే అంకె, 3977) లెక్క దాదాపు ఇలా ఉంటుంది:

| ఉష్ణోగ్రత (డిగ్రీల సెల్సియస్) | రెసిస్టెన్స్ (కిలో ఓమ్‌లు) |
|---|---|
| 0 | 32.6 |
| 10 | 19.9 |
| 20 | 12.5 |
| 25 | 10.0 |
| 40 | 5.3 |
| 60 | 2.5 |
| 70 | 1.75 |
| 80 | 1.26 |
| 90 | 0.92 |

మీ బాయిలర్‌లో వేరే రకం ఉంటే ఈ పట్టిక పనికిరాదు, మాన్యువల్‌లోదే ప్రమాణం. ఎంత తేడా వరకు ఫరవాలేదు? రెసిస్టెన్స్ 10 శాతం తప్పినా ఉష్ణోగ్రతలో అది రెండు మూడు డిగ్రీలే. మీ థర్మామీటరే అంత తప్పొచ్చు, కాబట్టి దాన్ని పట్టించుకోవద్దు. రెండు కొలతల్లోనూ ఐదు డిగ్రీలకు మించి తప్పు చెబుతుంటే సెన్సర్ మార్చాల్సిందే.

## 7. చల్లగా తప్పుతోందా, వేడిగా తప్పుతోందా

సెన్సర్ బాగానే ఉండి దారిలో ఏదో లెక్క చెడగొడుతోందేమో తేల్చే అసలు కిటుకు ఇది. ఇక్కడ సెన్సర్ పిన్నుల మీద కాకుండా, బోర్డు వైపు ప్లగ్గు ఊడదీసి ఆ చివర నుంచి, అంటే వైరుతో సహా, కొలవాలి. ఒకసారి చల్లగా, ఒకసారి వేడిగా. తెగిన వైరునో కలిసిపోయిన వైరునో ఎవరైనా పడతారు. దొరకనివి రెండు: తుప్పు, తేమ. రెండూ రెండు రకాలుగా అబద్ధం చెబుతాయి.

తుప్పు వైరు దారిలో అదనపు అడ్డంకి. కనెక్టర్ పిన్ను మీద పచ్చటి చిలుము పట్టి 0.5 కిలో ఓమ్ రెసిస్టెన్స్ చేరిందనుకోండి. 20 డిగ్రీల దగ్గర సెన్సర్‌ది 12.5. అది 13 అవుతుంది. తప్పు ఒక డిగ్రీ కూడా ఉండదు, చల్లారాక పోల్చే పరీక్షలో చక్కగా గట్టెక్కేస్తుంది. అదే నీరు 80 డిగ్రీలకు వెళ్లినప్పుడు సెన్సర్ 1.26, తుప్పు 0.5 కలిసి 1.76. పట్టికలో చూడండి, అది 70 డిగ్రీలు. నీళ్లు 80లో ఉంటే బోర్డు 70 అనుకుని ఇంకా మంట పెడుతూనే ఉంటుంది. కాసేపటికి ఓవర్‌హీట్ థర్మోస్టాట్ కొట్టేస్తుంది, అంటే ట్రిప్ అయి బాయిలర్‌ను ఆపేస్తుంది. అందరూ ఆ థర్మోస్టాట్‌ను అనుమానిస్తారు. పాపం, తన పని చేసింది అదొక్కటే.

తేమ పక్కదారి. కనెక్టర్‌లోకి నీటి చెమ్మ చేరి రెండు పిన్నుల మధ్య 20 కిలో ఓమ్‌ల దారి ఏర్పడిందనుకోండి. 20 డిగ్రీల దగ్గర 12.5కు పక్కన 20 చేరితే మొత్తం సుమారు 7.7కు పడిపోతుంది. బోర్డుకు అది 31 డిగ్రీల దాకా కనిపిస్తుంది. అదే 80 డిగ్రీల దగ్గరైతే 1.26కు పక్కన 20 ఉన్నా తేడా రెండు డిగ్రీలే.

కాబట్టి:

- వైరుతో సహా కొలిస్తే చల్లగా సరిగ్గా, వేడిగా తక్కువ డిగ్రీలు చెబుతుంటే కనెక్టర్‌లో తుప్పో, సరిగా తగలని పిన్నో వెతకండి.
- చల్లగా ఎక్కువ డిగ్రీలు, వేడిగా దాదాపు సరిగ్గా చెబుతుంటే తేమ వెతకండి.
- చల్లగానూ వేడిగానూ ఒకే వైపు తప్పుతూ, సెన్సర్ పిన్నుల మీద కొలిచినా అదే వస్తుంటే తప్పు సెన్సర్‌ది, లేదా అది వేరే రకం సెన్సర్.

తేమ దొరికితే కనెక్టర్ ఆరబెట్టి ఊరుకోకండి, పైకి చూడండి. గాలి వదిలే వాల్వో, పంపు జాయింటో చుక్కచుక్కగా కారుతూ ఉంటుంది. తెల్లటి గార చారిక పట్టుకుని వెళ్తే మూలం దొరుకుతుంది.

వైరును విడిగా తేల్చాలంటే రెండు చివర్లా ప్లగ్గులు తీసి కొలవండి. ఒక్కో వైరు రెసిస్టెన్స్ ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు ఒక ఓమ్‌కు మించకూడదు. ఆ రెండు వైర్ల మధ్యా, వైరుకూ బాయిలర్ లోహపు ఒంటికీ మధ్యా మీటరు అనంతం (OL) చూపించాలి. కొలుస్తూనే వైరును అక్కడక్కడ మెల్లగా వంచండి, ముఖ్యంగా రేకు అంచు దాటే చోట, బిగుతుగా కట్టిన టై దగ్గర, ప్లగ్గు వెనకాల. ఎలకలు కొరికే చోట్లు కూడా ఇవే.

పిన్నుల చిలుము వదలగొట్టడానికి కాంటాక్ట్ క్లీనర్, బ్రష్షు చాలు. గరుకు కాగితంతో రుద్దితే పైపూత పోయి ఇంకా త్వరగా తుప్పు పడుతుంది.

బోర్డు వంతు చివర్న, అది టెక్నీషియన్ పని. గ్యాస్ కట్టేసి, వేడి అడిగే సెట్టింగులన్నీ ఆపి, సెన్సర్ బదులు ప్లగ్గుకు 10 కిలో ఓమ్ రెసిస్టర్ తగిలించి డిస్‌ప్లే చూస్తారు. పై పట్టికలోని రకమైతే 25 డిగ్రీలకు దగ్గరగా రావాలి. 2.49 కిలో ఓమ్ పెడితే 60. రెండూ సరిగ్గా వస్తే బోర్డు, వైర్లు నిర్దోషులు. రాకపోతే, వైరు అప్పటికే తేలి ఉంటే, బోర్డు. చూడగానే రెసిస్టర్ తీసేయాలి. అది కొలతకే, నడపడానికి కాదు.

## 8. ఎన్‌టీసీ కానివి

ఒత్తిడి సెన్సర్. బాయిలర్‌కు ముల్లు గేజి కూడా ఉంటే రెండూ పోల్చండి. బాయిలర్ కింది ఐసొలేషన్ వాల్వులు (బాయిలర్‌ను మిగతా గొట్టాల నుంచి వేరుచేసేవి) మూసి ఒత్తిడి సున్నాకు దించినా డిస్‌ప్లే 1.2 దగ్గరే నిలిచి ఉంటే, సెన్సర్ నోట్లో బురద పేరుకుపోయింది. శుభ్రం చేస్తే కొన్ని బతుకుతాయి. మూడు వైర్ల రకానికి ఎక్కువగా 5 వోల్ట్‌ల సరఫరా ఉంటుంది, ఒత్తిడి సున్నాలో ఉంటే సిగ్నల్ సుమారు 0.5 వోల్ట్. వేడెక్కినప్పుడు ఒత్తిడి 3 బార్ దాకా పోయి, చల్లారాక సున్నాకు పడుతుంటే సెన్సర్ కాదు, ఎక్స్‌పాన్షన్ వెసెల్ (వేడికి ఉబ్బిన నీటికి చోటిచ్చే తొట్టి) చూడాలి.

ప్రవాహ సెన్సర్. కుళాయి తిప్పినా బాయిలర్ వెలగకపోతే దీని వంతు. లోపల చిన్న చక్రం తిరుగుతూ పల్సులు పంపుతుంది. రెసిస్టెన్స్ కొలిచి ప్రయోజనం లేదు. ముందు చల్లనీళ్లు వచ్చే దారిలోని జల్లెడ శుభ్రం చేయండి, ఇసుక రేణువు ఇరుక్కున్నా చక్రం ఆగిపోతుంది.

ఓవర్‌హీట్ థర్మోస్టాట్. చల్లగా ఉన్నప్పుడు దాని పిన్నుల మధ్య రెసిస్టెన్స్ దాదాపు సున్నా ఉండాలి. మీటరు అనంతం (OL) చూపిస్తే అది కొట్టేసి ఉంది. కొన్నిటికి మధ్యలో చిన్న రీసెట్ బొత్తాం ఉంటుంది. ఒకసారి నొక్కాక మళ్లీ కొట్టేస్తే దాన్ని మార్చే ఆలోచన పక్కనపెట్టి పంపు, గాలి, బురద, 7వ భాగంలో చెప్పిన తుప్పు వెతకండి. ఒకేసారి కాలిపోయే థర్మల్ ఫ్యూజు ఉన్న మోడళ్లలో అది కాలిందంటే హీట్ ఎక్స్ఛేంజర్ (మంట వేడిని నీటికి అందించే భాగం) చూడకుండా మార్చకూడదు.

మంట ఎలక్ట్రోడ్. మంట గుండా పోయే కరెంటును ఇది పట్టుకుంటుంది, అది మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. మసి, పగిలిన పింగాణీ, సరిగా లేని ఎర్తింగు, ఫేజు న్యూట్రల్ తారుమారు కావడం ఇవన్నీ మంట ఉన్నా లేనట్టు చూపిస్తాయి. ప్లగ్గు పాయింటు కొత్తగా మార్చాక మంట కోడ్ మొదలైందంటే ముందు తారుమారు సంగతి చూడండి. ఎలక్ట్రోడ్ మంట గదిలో ఉంటుంది కాబట్టి తీస్తే గాస్కెట్ కొత్తది వేయాలి. అది లైసెన్సు ఉన్నవాళ్ల పని.

బయటి గోడ సెన్సర్. ఎండ నేరుగా పడే గోడ మీదో, పొగగొట్టం పక్కనో, తరచూ తెరిచే కిటికీ పైనో ఉంటే అది ఎప్పుడూ తప్పే చెబుతుంది. మార్చాల్సింది సెన్సర్‌ని కాదు, చోటుని. దాని వైరు కరెంటు వైరుతో కలిసి ఒకే గొట్టంలో పోకూడదు.

## 9. సెన్సర్ మార్చడం

భాగం కొనేటప్పుడు 10 కిలో ఓమ్ అని అడిగి కొనకండి. 25 డిగ్రీల దగ్గర ఒకేలా ఉన్నా 80 దగ్గర వేర్వేరుగా ఉండే రకాలున్నాయి. పార్ట్ నంబరు సరిపోవాలి.

క్లిప్పు రకం: గొట్టం మీది పాత పేస్టు, రంగు, చిలుము తుడిచి లోహం మెరిసేలా చేయండి. సెన్సర్ ఆనే చోట సన్నని పొరగా థర్మల్ పేస్టు రాసి, క్లిప్పు గట్టిగా పట్టేలా బిగించండి. వేలితో కదిపితే జరగకూడదు. పాతది ఏ చోట ఉందో ఆ చోటే పెట్టాలి. వంపు మీదో జాయింటు మీదో కూర్చోదు.

జేబు రకం, అంటే గొట్టంలోకి చొచ్చుకుపోయిన పొడి గుంటలో దూర్చేది: నీళ్లు తీయక్కర్లేదు. పేస్టు రాసి అడుగు తగిలేదాకా దూర్చండి. సగంలో ఆగితే ఎప్పుడూ తక్కువ చెబుతుంది.

నీటిలో మునిగే రకం:

1. బాయిలర్ కింది ఐసొలేషన్ వాల్వులు మూయండి.
2. బాయిలర్ డ్రెయిన్ ద్వారా ఒత్తిడి సున్నా అయ్యేదాకా నీళ్లు వదలండి. గేజి సున్నా చూపినా సెన్సర్ తీసేటప్పుడు గ్లాసెడు నీళ్లు రావడం మామూలే. కింద ఉన్న బోర్డును గుడ్డతో కప్పండి.
3. పాత ఓ-రింగు లోపలే అతుక్కుని మిగిలిపోయిందేమో చూడండి. దాని మీదే కొత్తది పెడితే కచ్చితంగా కారుతుంది.
4. కొత్త ఓ-రింగు వేసి, మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి. ప్లాస్టిక్ బ్లాకులోకి బిగించేటప్పుడు స్పానరుతో బలం చూపిస్తే మర పోతుంది, ఆ బ్లాకు మొత్తం మార్చాల్సి వస్తుంది.
5. వాల్వులు తెరిచి 1 నుంచి 1.5 బార్‌కు నింపండి. గాలి తీయండి. నీళ్లు ఎక్కువ పోయి ఉంటే తుప్పు నివారణ ద్రవం మళ్లీ కలపాలి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు

- ప్లగ్గు తీయకుండానే కొలవడం. బోర్డు లోపలి రెసిస్టర్లు కూడా కలిసి వచ్చే అంకెకు అర్థం ఉండదు.
- గది ఉష్ణోగ్రత చూసి, ఇంకా వేడిగా ఉన్న గొట్టం మీది సెన్సర్‌ను తప్పుపట్టడం.
- వెళ్లే, తిరిగొచ్చే సెన్సర్ల ప్లగ్గులు తారుమారు చేయడం. ఒకే పార్ట్ నంబరు అయితే పరీక్ష కోసం సెన్సర్లనే అటు ఇటు మార్చి, చల్లగా ఉండగానే రీడింగు చూడండి. తప్పు రీడింగు సెన్సర్ వెంట వెళ్తే లోపం సెన్సర్‌ది, అక్కడే ఉండిపోతే వైరుది లేదా బోర్డుది.
- రీసెట్ పదేపదే నొక్కడం. రెండుసార్లకు మించి అవసరమైతే ఆపేయండి. మంట కోడ్ అయితే మరీను, ప్రతి ప్రయత్నంలో కాలని గ్యాస్ లోపలికి పోతుంది.
- కొత్త సెన్సర్‌ను కొలవకుండా బిగించడం. పెట్టెలో ఉండగానే గది వేడి దగ్గర ఒకసారి కొలవండి, అర నిమిషం పని.

## 11. నడిపి చూడడం

- చల్లగా అన్ని రీడింగులూ గది థర్మామీటరుకు దగ్గరగా ఉన్నాయా?
- ఊడదీసిన ప్రతి ప్లగ్గూ టక్కుమని కూర్చుందా? ఫోటోతో పోల్చారా?
- మూత, దాని సీలు సరిగా కూర్చున్నాయా? దెబ్బతిన్న సీలుతో బాయిలర్ వెలిగించకూడదు.
- గాలి వదిలే వాల్వు మూత మాన్యువల్ చెప్పిన స్థితిలో ఉందా?
- వెలిగించాక వెళ్లే నీటి రీడింగు గెంతులు లేకుండా పెరిగి, సెట్ చేసిన వేడి దగ్గర మంట తగ్గిందా?
- మునిగే రకమైతే పొడి టిష్యూ చుట్టి చల్లగా ఒకసారి, పూర్తిగా వేడెక్కాక ఒకసారి కారుతోందేమో చూశారా? చల్లగా కారనివి కొన్ని వేడికి కారుతాయి.
- ఎర్రర్ చరిత్ర తుడిచేసి, మర్నాడు మళ్లీ చూశారా?

కొత్త సెన్సర్ పార్ట్ నంబరు, తేదీ, చల్లగా వేడిగా వచ్చిన రెసిస్టెన్స్ అంకెలు ఒక చీటీ మీద రాసి, మాన్యువల్ మొదటి పేజీకి అంటించండి. మళ్లీ కోడ్ వస్తే వచ్చిన టెక్నీషియన్‌కు ముందు ఆ చీటీ చూపించండి.